ఇంట్లో కూరగాయల జ్యూస్: హైదరాబాద్ వంటింటికి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు ముదిరినా, షుగర్ రిపోర్ట్ చేతికొచ్చినా, మార్నింగ్ వాక్‌లో ఎవరైనా గట్టిగా చెప్పినా మనకు కూరగాయల జ్యూస్ గుర్తుకొస్తుంది. మిక్సీ, వడపోత గుడ్డ తప్ప వేరే యంత్రాలేవీ లేని మామూలు ఇంటిని దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. జ్యూస్‌ను మందులా కాకుండా, అప్పటికప్పుడు చేసుకుని వేడి చల్లారకముందే తినే వంటకంలా చూడాలని నా గట్టి నమ్మకం. కాయ బాగుంటే, చేతులు శుభ్రంగా ఉంటే, ఆలస్యం చేయకుండా తాగితే సగం ప్రశ్నలు పుట్టనే పుట్టవు.

జ్యూసర్ కొనాలా, మిక్సీ చాలదా?

మిక్సీ చాలు. 500 వాట్లదైనా 750 వాట్లదైనా పని జరుగుతుంది. పచ్చడి జార్ వాడకండి, అందులోని వెల్లుల్లి వాసన జ్యూస్‌కు పట్టేస్తుంది. పెద్ద జార్ తీసుకుని మూడింట రెండు వంతులకు మించి నింపకుండా, ముక్కలు వేలి గోరంత చిన్నగా తరిగి వేయండి. మిక్సీని ఆపకుండా నడిపితే జార్ వేడెక్కి, జ్యూస్ గోరువెచ్చగా అయి నురగ కడుతుంది. అర నిమిషం తిప్పి, ఆపి, మళ్లీ తిప్పడం మంచిది.

కోల్డ్ ప్రెస్ జ్యూసర్‌లో మర నెమ్మదిగా తిరుగుతూ ముక్కలను నొక్కి పిండుతుంది. పిప్పి పొడిగా వస్తుంది, నురగ తక్కువ, నీళ్లు పోయాల్సిన పని లేదు. కానీ దాన్ని విప్పి కడగడానికి జ్యూస్ చేసినంత సేపు పడుతుంది. ఇంట్లో నలుగురూ రోజూ తాగే అలవాటు నిలబడ్డాక కొనుక్కోండి, ముందే కొంటే అది అటక మీదికి చేరే ప్రమాదం ఉంది.

మన పద్ధతిలో చేసే జ్యూస్ ప్రత్యేకత ఏమిటి?

పంచదార ఉండదు. కూరగాయల పచ్చి వాసనను తీపితో కప్పకుండా అల్లం, నిమ్మ, పుదీనా, వేయించిన జీలకర్ర, మిరియాలతో సర్దడమే మన పద్ధతి. జీలకర్ర విషయంలో మాత్రం బద్ధకించకండి. నూనె లేకుండా సన్నని మంట మీద, రంగు కాస్త మారి వాసన ఇల్లంతా వచ్చేదాకా వేయించి, చల్లారాక దంచి చిన్న సీసాలో పెట్టుకోండి. ప్యాకెట్ పొడి ఈ పనికి రాదు. కారం ఇష్టమైతే పచ్చిమిర్చిని గింజలు తీసి సగం వేయొచ్చు. నల్లుప్పు చిటికెడు చాలు, అది ఉప్పే కాబట్టి రోజు మొత్తం లెక్కలోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటుంది. మన ఆవకాయ, పప్పు, చారులోనే అది అయిపోతుంది.

మొదటిసారి చేసేవాళ్లకు ఒక కొలత చెప్పండి.

రెండు గ్లాసులకు ఇలా తీసుకోండి: గాజర్ 150 గ్రాములు, అంటే మధ్యరకంవి రెండు. ఒక కీర. పండిన టమాట ఒకటి. అర అంగుళం అల్లం. పది పన్నెండు పుదీనా ఆకులు. అర చెక్క నిమ్మకాయ. పావు చెంచా వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు నల్లుప్పు, అర గ్లాసు చల్లని మంచినీళ్లు.

వేసే వరుస ముఖ్యం. గట్టిగా ఉండే గాజర్, అల్లం, సగం నీళ్లు ముందు జార్‌లో వేసి మెత్తగా తిప్పండి. తర్వాత కీర, టమాట. కీరలో దాదాపు 95 శాతం నీరే కాబట్టి ఇక నీళ్లు పెద్దగా అవసరం పడవు, మిగిలినవి చూసి పోసుకోండి. పుదీనా చివర్లో వేసి రెండు మూడు సార్లు మాత్రమే తిప్పి వదిలేయండి, ఎక్కువసేపు నలిగితే చేదెక్కుతుంది. గుడ్డలో వేసి పిండాక నిమ్మరసం, జీలకర్ర, ఉప్పు కలపండి.

నిమ్మరసం రుచికే అనుకోవద్దు. కీర, సొరకాయ లాంటి తీగజాతి కాయల్లో విటమిన్ సిని పాడుచేసే ఒక ఎంజైమ్ ఉంటుంది. కాయ నలిగిన క్షణం నుంచీ అది పని మొదలుపెడుతుంది, పులుపు తగిలితే దాని జోరు తగ్గుతుంది. కాబట్టి పిండిన వెంటనే నిమ్మ పడాలి. రంగు నల్లబడకుండా కూడా అదే కాపాడుతుంది.

కూరగాయలు ఎక్కడ కొంటే మంచిది?

తాజాగా దొరికే చోటే. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ రైతు బజార్లలో ఏదో ఒకటి చాలామందికి అందుబాటులో ఉంటుంది. 1999లో ఈ రైతు బజార్లు పెట్టిందే రైతు నేరుగా అమ్ముకోవడానికి. అక్కడ బోర్డు మీద రోజు ధరలు రాసి ఉంటాయి. పొద్దున్నే వెళ్తే కాయ మీద మంచు తడి ఇంకా ఆరదు. సికింద్రాబాద్ వైపు వాళ్లకు మోండా మార్కెట్ ఉంది. కాలనీలో వారానికోసారి జరిగే సంత కూడా మంచిదే, కాకపోతే సాయంత్రం దీపాల వెలుతురులో కొనే ఆకుకూరను తిప్పి చూసి తీసుకోండి.

చలికాలంలో వచ్చే ఎర్రని ఢిల్లీ గాజర్ జ్యూస్‌కు అద్భుతం. తీపి, నీరు రెండూ ఎక్కువ. అది దొరికే రోజుల్లో బీట్‌రూట్ జోలికి పోనక్కర్లేదు.

ఆకుకూరలు పచ్చిగా జ్యూస్ చేయొచ్చా?

పుదీనా, కొత్తిమీర రుచి కోసం వేసే కొద్దిపాటివి కాబట్టి బాగా కడిగి వేసుకోండి. పాలకూర, తోటకూర పిడికెళ్లకొద్దీ పచ్చిగా వేయడం నాకు ఇష్టం లేదు, ముఖ్యంగా మన నగరంలో. మూసీ దిగువన మురుగు నీటితో ఆకుకూరలు పండించడం చాలా కాలంగా ఉన్నదే. బండి మీద ఉన్న కట్ట ఏ పొలం నుంచి వచ్చిందో మనకు తెలియదు. మురుగు నీటి సూక్ష్మజీవులు ఆకు మడతల్లో ఉంటాయి, రెండుసార్లు ముంచి తీస్తే పోవు.

పాలకూర కావాలంటే మరుగుతున్న నీళ్లలో ఒక నిమిషం వేసి, తీసి, చల్లటి మంచినీళ్లలో ముంచి అప్పుడు వాడండి. ఉడికించిన నీళ్లు పారబోయండి. పాలకూరలో కిడ్నీ రాళ్లకు దారితీసే ఆక్సలేట్‌లు అనే పదార్థాలు ఉంటాయి, వాటిలో కొంత భాగం ఆ నీళ్లలోకి పోతుంది. మునగాకు కూడా ఇంతే. ఆషాఢంలో మనవాళ్లు మునగాకు తినడం ఆనవాయితీ, కానీ వండుకునే కదా తింటారు. ఇంటి కుండీలో పెంచుకున్న ఆకైతే భయం తక్కువ.

ఎలా కడగాలి? ఉప్పు నీళ్లు సరిపోతాయా?

కుళాయి కింద, పారే నీళ్లలో, చేత్తో రుద్ది కడగడమే అన్నిటికన్నా ముఖ్యం. గాజర్, బీట్‌రూట్‌కు కూరగాయల బ్రష్ ఒకటి ఉంచుకోండి. మట్టి పోయాక తొక్క తీసి మళ్లీ ఒకసారి కడగాలి, తొక్క తీసే చాకు మట్టిని లోపలికి తెస్తుంది. ఉప్పు నీళ్లలో పది నిమిషాలు నానబెడితే పైన అంటిన పురుగుమందు కొంత వదులుతుంది, కాయ లోపలికి ఇంకిన దాన్ని అది తీయలేదు. సబ్బు, డిటర్జెంట్ మాత్రం వద్దు, కూరగాయ పీల్చుకుంటుంది.

చాలా అపార్ట్‌మెంట్లలో జలమండలి నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు కూడా. కాబట్టి ఆఖరి కడుగుడు తాగే నీళ్లతో కడగండి. జ్యూస్‌లో పోసే నీళ్లు, ఐసు ముక్కలు కూడా తాగే నీళ్లవే అయి ఉండాలి. బయట అమ్మే ఐసు కొనొద్దు.

సొరకాయ జ్యూస్ ప్రమాదమని విన్నాం. నిజమేనా?

చేదుగా ఉంటే నిజమే, ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క జవాబు మాత్రం ఇంట్లో వంట చేసే ప్రతి ఒక్కరికీ చదివి వినిపించండి.

సొరకాయ, మనలో కొందరు ఆనిగెపుకాయ అంటాం, కీర, దోస, పొట్ల అన్నీ ఒకే కుటుంబం. ఈ కుటుంబపు మొక్కలు పురుగుల నుంచి కాపాడుకోవడానికి కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థాలు తయారుచేసుకుంటాయి. మనం తినే రకాల్లో అవి చాలా తక్కువ. ఎండ తీవ్రత, నీటి ఎద్దడి, అడవి రకంతో పరాగం కలిసిన విత్తనం వంటి కారణాలతో ఒక్కో కాయలో ఎక్కువవుతాయి. పైకి చూస్తే తేడా తెలియదు, లేతగా నిగనిగలాడుతూనే ఉంటుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ జ్యూస్ తాగి చనిపోయారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల కమిటీ, చేదుగా ఉన్న సొరకాయ జ్యూస్ తాగనే కూడదని హెచ్చరించింది. దీనికి విరుగుడు మందు లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేయడమే.

అందుకే కాయ కోయగానే తొడిమ వైపు ఒక చిన్న ముక్క, రెండో కొస నుంచి ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. ఏ కొంచెం చేదు తగిలినా కాయ మొత్తం పారేయండి. చేదు ఉన్న భాగం కోసేసి మిగతాది వాడటం, తేనె కలపడం, నిమ్మ పిండడం, కూర చేసేయడం ఏదీ కుదరదు. వండినా ఆ విషం పోదు. కీరకు కొస కోసి రుద్దే అలవాటు ఉంది కదా, రుద్దినా రుద్దకపోయినా తొడిమ వైపు అంగుళం కోసేసి, మిగతా దాని రుచి చూడండి.

ఒకటి కన్నా ఎక్కువ కాయలు కలిపి జ్యూస్ చేసేటప్పుడు ప్రతి కాయనూ విడిగా చూడాలి. అల్లం, పుదీనా పడ్డాక చేదు మరుగున పడుతుంది. ఆరోగ్యానికి మంచిదని చేదును ఓర్చుకుని గటగటా తాగడమే ఇక్కడ అసలు ప్రమాదం. తాగిన కాసేపటికి వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే ఇంటి వైద్యాలతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏం తాగారో డాక్టర్‌కు చెప్పండి. వాంతిలో రక్తం కనిపిస్తే అది అత్యవసరమే.

కాకరకాయ సహజంగానే చేదు కదా, అదీ ప్రమాదమేనా?

కాకర చేదు దాని సహజ గుణం, పై హెచ్చరిక దానికి వర్తించదు. కానీ షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు కాకర జ్యూస్ కూడా తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే అదే. డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. జ్యూస్ తాగుతున్నామని మాత్ర మానేయడం ఇంకా పెద్ద తప్పు. గర్భిణులు కాకర జ్యూస్ జోలికి పోకపోవడమే మంచిది.

వడకట్టాలా, పిప్పితో తాగాలా?

గొంతు దిగితే పిప్పితోనే. పీచు కడుపు నింపుతుంది, చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరేలా చేస్తుంది. వడకట్టిన జ్యూస్‌లో విటమిన్లు, లవణాలు చాలావరకు ఉంటాయి కానీ పీచు పోతుంది. మధ్యే మార్గంగా గుడ్డకు బదులు పెద్ద కన్నాల జాలీతో వడకట్టండి. గాజర్ పిప్పి గొంతులో గరగరలాడుతుంది కాబట్టి దానికి గుడ్డే నయం. టమాట, కీర అయితే వడకట్టనే వద్దు.

రోజుకు ఎంత తాగాలి? జ్యూస్ తాగితే కూర తినక్కర్లేదా?

ఒక గ్లాసు, 200 మిల్లీలీటర్లు. కూర మాత్రం తినాలి. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, 2000 కేలరీల భోజనానికి రోజూ 400 గ్రాముల కూరగాయలు ఉండాలని చెప్పింది. ఒక గ్లాసు వడకట్టిన జ్యూస్ ఆ 400 గ్రాముల స్థానాన్ని తీసుకోలేదు. కూర, పప్పు, పచ్చడి తిన్నాక అదనంగా తాగేదే జ్యూస్.

పరగడుపునే తాగాలంటారు. తప్పనిసరా?

కాదు. అల్లం, నిమ్మ పడిన జ్యూస్ ఖాళీ కడుపుతో తాగితే కొందరికి గుండెల్లో మంట వస్తుంది. పైగా గాజర్‌లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి. ఇడ్లీ పల్లీ చట్నీతోనో, నెయ్యి వేసిన ఉప్మాతోనో పాటు తాగితే మరింత ఉపయోగం. విడిగా తాగాలనుకుంటే నాలుగైదు జీడిపప్పులు నమలండి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు పొద్దున్న మాత్రను ఉత్త నీళ్లతోనే వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి అప్పుడు జ్యూస్ తాగాలి.

బీట్‌రూట్ తాగితే మూత్రం ఎర్రగా వస్తోంది. భయపడాలా?

బీట్‌రూట్ రంగే అది, కొందరిలో అలా బయటికి వస్తుంది. బీట్‌రూట్ తినని రోజున కూడా ఎర్రగా వస్తే మాత్రం డాక్టర్‌ను చూడాలి. పచ్చి బీట్‌రూట్ గొంతులో జిలగా అనిపిస్తే ఆవిరి మీద ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వేయండి. ఎప్పుడైనా జ్యూస్‌లో పావు వంతుకు మించనివ్వకండి, మట్టి వాసన మిగతా అన్నిటినీ మింగేస్తుంది. ఉసిరికాయ ఒకటి గింజ తీసి కలిపితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది.

ఎవరు డాక్టర్‌ను అడిగి తాగాలి?

కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, బీట్‌రూట్ జ్యూస్ మానుకోవాలి, ఆ రెండింట్లోనూ ఆక్సలేట్‌లు ఎక్కువ. కిడ్నీల పనితీరు తగ్గినవాళ్లకు పొటాషియం సమస్య. టమాట, గాజర్, పాలకూర అన్నీ కలిపి పిండితే ఒక్క గ్లాసులోనే పొటాషియం బాగా చేరుతుంది, గుండె లయ మీద దాని ప్రభావం ఉంటుంది. కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. బీట్‌రూట్‌లోని నైట్రేట్‌లు బీపీని తగ్గిస్తాయి కాబట్టి బీపీ మాత్రలు వాడేవాళ్లు దాన్ని రోజూ తాగే ముందు అడగడం మంచిది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూరల జ్యూస్ ఒక్కసారిగా మొదలుపెట్టకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు కీర, టమాట, చేదు లేని సొరకాయ, బూడిద గుమ్మడికాయ నయం. గాజర్, బీట్‌రూట్‌లో తీపి ఉంది, వడకడితే అది ఇంకా త్వరగా రక్తంలో చేరుతుంది.

పిల్లలకు ఎప్పటి నుంచి ఇవ్వొచ్చు?

ఏడాది లోపు పసివాళ్లకు అస్సలు వద్దు. రెండేళ్లు దాటేదాకా ఉడికించి మెత్తగా చేసిన కూరగాయే మంచిది. ఆ తర్వాత కూడా చిన్న కప్పు చాలు. స్కూల్ పిల్లలకు గాజర్, టమాటతో మొదలుపెట్టండి, రంగు చూసి తాగుతారు.

జ్యూస్‌కు పనికిరానివి ఏవి?

ఉడికించకుండా తినలేనివేవీ పనికిరావు. ఆలుగడ్డ, చామగడ్డ, వంకాయ, చిక్కుడు గింజలు, పుట్టగొడుగులు వద్దు. చామగడ్డ పచ్చిగా గొంతు దురద పెడుతుంది. మొలకెత్తిన లేదా పచ్చబడ్డ ఆలుగడ్డ అయితే విషమే.

చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? ఆఫీసుకు తీసుకెళ్లొచ్చా?

చేసిన పావుగంటలో తాగడమే నేను చెప్పేది. తప్పనిసరైతే వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో మూతిదాకా నింపి, గాలి లేకుండా మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. అదే రోజు తాగేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో మామూలు సీసాలో పోసి హైటెక్ సిటీ దాకా మెట్రోలో తీసుకెళ్తే అది చేరేసరికే పులిసే అవకాశం ఉంది. చల్లగా ఉంచే ఫ్లాస్క్ లేకపోతే కీర ముక్కలు, గాజర్ ముక్కలు డబ్బాలో పెట్టుకుని తినండి.

పార్కుల గేట్ల దగ్గర పొద్దున్నే అమ్మే జ్యూస్‌ల గురించి కూడా అడుగుతుంటారు. కళ్ల ముందు కాయ కోసి పిండితే సరే. పెద్ద పాత్రల్లో ముందే చేసి ఉంచిన సొరకాయ జ్యూస్ మాత్రం తాగొద్దు, ఆ కాయల రుచి ఎవరు చూశారో మనకు తెలియదు.

వడదెబ్బకు జ్యూస్ పనిచేస్తుందా?

దాహానికి బూడిద గుమ్మడికాయ, కీర జ్యూస్ హాయిగా ఉంటాయి. విరేచనాలు, వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మాత్రం ఓఆర్ఎస్ తాగించాలి. వడదెబ్బకు మతి తప్పుతుంటే ఒళ్లు చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నోట్లో ఏమీ పోయకూడదు.

మిగిలిన పిప్పి ఏం చేయాలి?

పారేయకండి, పీచంతా అక్కడే ఉంది. సొరకాయ పిప్పితో సర్వపిండి చేయండి. బియ్యప్పిండిలో పిప్పి, నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు కలిపి, పిప్పిలోని తడి చాలకపోతేనే నీళ్లు చిలకరించి ముద్ద చేయాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెకు నూనె రాసి, పిండి అంచులదాకా పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో చుక్క చుక్క నూనె వేసి మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చండి. తురిమిన సొరకాయతో చేసే సర్వపిండికి ఇది ఏమాత్రం తీసిపోదు.

గాజర్ పిప్పి చపాతీ పిండిలో కలిసిపోతుంది, పెసరట్టు మీద ఉల్లిపాయలతో పాటు చల్లినా బాగుంటుంది. బీట్‌రూట్ పిప్పిని నూనెలో పచ్చి వాసన పోయేదాకా వేయించి, వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, చింతపండుతో రుబ్బితే అన్నంలోకి పచ్చడి. అల్లం, పుదీనా ఎక్కువగా పడిన పిప్పి ఈ పనులకు ఘాటుగా ఉంటుంది, దాన్ని కుండీల్లో ఎరువుకు వేయండి. బోయిన్‌పల్లి మార్కెట్లో మిగిలిపోయిన కూరగాయల నుంచి బయోగ్యాస్, కరెంటు తీసే ప్లాంటే పెట్టారు. మన బాల్కనీ కుండీకి ఒక గుప్పెడు పిప్పి చేర్చడం కష్టమేమీ కాదు.

గుడ్డ, జార్ వాసన వస్తున్నాయి. ఎలా పోగొట్టాలి?

వడపోతకు పలచటి తెల్ల నూలు గుడ్డ ఒకటి ప్రత్యేకంగా పెట్టుకోండి. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, రెండుసార్లు ఉతికి, ఒకసారి మరిగించి వాడాలి. పిండిన వెంటనే చల్లటి నీళ్లలో పిప్పి పోయేలా జాడించండి, ముందే వేడినీళ్లు పోస్తే బీట్‌రూట్ మరక నిలిచిపోతుంది. తర్వాత ఐదు నిమిషాలు నీళ్లలో మరిగించి ఎండలో ఆరేయండి. వానాకాలం ఎండ లేకపోతే ఇస్త్రీ చేసి ఆరబెట్టండి. తడిగా మడిచి సొరుగులో పెట్టిన గుడ్డకు బూజు పడుతుంది, అలాంటిది మళ్లీ వాడొద్దు.

జార్‌లో నీళ్లు పోసి ఒకసారి తిప్పి వదిలేస్తే సరిపోదు. మూతకున్న రబ్బరు రింగ్ తీసి దాని గాడిలో చూడండి, వాసన చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది. రింగ్‌ను, గాడిని పాత టూత్‌బ్రష్‌తో తోమి, జార్‌లో నిమ్మ చెక్క, కొన్ని నీళ్లు వేసి తిప్పి, బోర్లించి పూర్తిగా ఆరాక రింగ్ తిరిగి పెట్టండి.